తల్లి ఇచ్చిన అమానతు : నవజాత ఎఫ్.సి. గ్రాహకం

అప్పుడే పుట్టిన శిశువు రక్తాన్ని పరీక్షిస్తే, తల్లి టీకాలు వేయించుకొన్నదైన పక్షంలో, అందులో ధనుర్వాతాన్ని ఎదిరించే ప్రతిరక్షకాలు కనిపిస్తాయి. ఆ శిశువుకు ఎవరూ టీకా వేయలేదు. ధనుర్వాత క్రిమి ఆ శరీరాన్ని తాకనూ లేదు. ఆ వయస్సులో ఇటువంటి ప్రతిరక్షకాలను స్వయంగా తయారుచేసుకొనే శక్తి శిశువుకు అత్యల్పం. అయినప్పటికీ రక్షణ అక్కడ సిద్ధంగా ఉన్నది. అంతేకాదు, నెలలు నిండి పుట్టిన శిశువు రక్తంలో ఈ జాతి ప్రతిరక్షకాల పరిమాణం తల్లి రక్తంలో ఉన్నదానితో సమానంగా, తరచు దానికంటె కొంచెం ఎక్కువగా కూడా ఉంటుంది. నీరు పల్లానికి ప్రవహించడం ప్రకృతి నియమం. పలుచని చోటు నుండి చిక్కని చోటికి ఒక పదార్థం చేరినదంటే దానిని ఎవరో మోసి తెచ్చి ఉండాలి. ఆ మోసేవానిని గూర్చియే ఈ వ్యాసం.

శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరు 'నవజాత ఎఫ్.సి. గ్రాహకం'. పేరు కొంత బెదిరించేదిగా ఉన్నా, విడదీసి చూస్తే కష్టం లేదు. గ్రాహకం అంటే జీవకణం మీదనో లోపలనో ఉండి, ఒక నిర్దిష్ట పదార్థాన్ని మాత్రమే గుర్తించి పట్టుకొనే మాంసకృత్తు. ఇక ఎఫ్.సి. అంటే ఏమిటో తెలియాలంటే 1959వ సంవత్సరానికి వెళ్ళాలి. ఆ సంవత్సరం రోడ్నీ పోర్టర్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు కుందేలు రక్తంలోని ప్రతిరక్షకాన్ని పపేన్ అనే ఎంజైముతో ముక్కలు చేసినాడు. పపేన్ బొప్పాయి పాలలో ఉంటుంది. మన ఇళ్ళలో కబాబు మాంసం మెత్తబడటానికి పచ్చి బొప్పాయి ముద్ద కలుపుతారే, ఆ గుణం ఈ ఎంజైముదే. పోర్టరుకు మూడు ముక్కలు దొరికినవి. రెండు ఒకే రకమైనవి. అవి శత్రుపదార్థాన్ని పట్టుకొనే చేతులు. మూడవది సులభంగా స్ఫటికాలుగా మారింది. స్ఫటికం కాగల ఈ ఖండానికే ఎఫ్.సి. అని పేరు వచ్చింది. ఈ పరిశోధనకు పోర్టర్, అమెరికాకు చెందిన జెరాల్డ్ ఎడెల్‌మన్ 1972లో నోబెల్ బహుమతిని పంచుకొన్నారు.

ప్రతిరక్షకాన్ని రెండు చేతులు, ఒక తోక గల ఆకారంగా ఊహించుకోవచ్చు. చేతులు ఒక్కొక్క ప్రతిరక్షకానికి ఒక్కొక్క విధంగా ఉంటాయి. తట్టు క్రిమిని పట్టే చేయి ధనుర్వాత విషాన్ని పట్టదు. తోక మాత్రం ఒక తరగతి ప్రతిరక్షకాలన్నింటికీ దాదాపు ఒకటే. మన రక్తంలోని ప్రతిరక్షకాలలో సుమారు నాలుగింట మూడు వంతులు ఇమ్యునోగ్లోబ్యులిన్-జి అనే తరగతివి. వాటిని ఇక మీదట 'జి-ప్రతిరక్షకాలు' అని పిలుద్దాం. మన గ్రాహకం ఈ జి-ప్రతిరక్షకాల తోకను మాత్రమే గుర్తిస్తుంది. చేతులలో ఏమున్నదో అది చూడదు. పాఠకులు ఈ ఒక్క సంగతిని జ్ఞాపకం ఉంచుకోవలెనని మనవి. ముందు చెప్పబోయే మేలు, కీడు, చికిత్స మూడూ దీనినుండే పుట్టినవి.

తల్లి నుండి బిడ్డకు రక్షణ సంక్రమిస్తుందని ప్రయోగపూర్వకంగా చూపినవాడు జర్మను శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్. ఆయన వాడిన విషాలు మన పల్లెలలో అందరికీ తెలిసిన గింజలవే. గురివింద గింజలోని ఏబ్రిన్, ఆముదపు గింజలోని రిసిన్. ఈ విషాలను కొద్దికొద్దిగా ఇచ్చి చుంచెలుకలను వాటికి అలవాటు పరచి, ఆ తరువాత పిల్లలను మార్చి పెంచినాడు. విషాన్ని తట్టుకోగల తల్లి పాలు త్రాగిన పరాయి పిల్లలకు కూడా రక్షణ లభించింది. తండ్రికి గల రక్షణ మాత్రం పిల్లలకు రాలేదు. కావున ఇది వంశపారంపర్యంగా బీజంలో వచ్చే గుణం కాదనీ, తల్లి శరీరంలో తయారైన పదార్థమే బిడ్డకు చేరుతున్నదనీ 1892లో ఆయన ప్రకటించినాడు. పాలిచ్చిన తల్లిని 'రిజాయీ మా' అని పిలిచి, రక్తసంబంధం వలెనే పాలసంబంధాన్ని పాటించే ఆచారం మన పాఠకులలో అనేకులకు తెలిసినదే. ఎర్లిక్ గారి చుంచెలుకలకు ఆ సంబంధం అక్షరాలా ప్రాణాన్ని నిలిపింది.

అయితే అన్ని జంతువులలోను మార్గం ఒకటి కాదు. ఆవు, గేదె వంటి వాటిలో మావి పొరలు దళసరి. గర్భంలో దూడకు ప్రతిరక్షకాలు అందవు. దాదాపు ఏ రక్షణా లేకుండానే అది నేలమీద పడుతుంది. దానికి కావలసినదంతా ఈనిన తల్లి మొదటి పాలలో, అనగా జున్నుపాలలో ఉంటుంది. దూడ పేగు ఆ పాలలోని మాంసకృత్తులను ఎంపిక లేకుండా మొత్తంగా పీల్చుకొంటుంది. కాని ఆ ద్వారం సుమారు ఒక్క రోజులో మూసుకొని పోతుంది. కాబట్టి జున్ను మీద మనకెంత ప్రీతి ఉన్నా మొదటి గంటలలో మొదటి వాటా దూడదే కావలె. చుంచెలుక, ఎలుక పిల్లలలోనైతే పేగులోని గ్రాహకం దాదాపు మూడు వారాల పాటు పని చేస్తుంది. మనిషిలో ఈ బదిలీ ముఖ్యంగా పుట్టక ముందే, మావి ద్వారానే ముగుస్తుంది. తల్లిపాలలో అధికంగా ఉండేవి వేరొక తరగతికి చెందిన ప్రతిరక్షకాలు. అవి శిశువు రక్తంలోనికి పోక, పేగులోనే నిలిచి కాపలా కాస్తాయి. ఒకటి లోపలి రక్షణ, మరొకటి వాకిటి రక్షణ. ఒకటి ఉన్నది గదా అని రెండవదానిని మానరాదు.

మోసేవాడు ఒకడున్నాడని మొదట తర్కంతో పట్టుకొన్న వ్యక్తి బ్రాంబెల్. డబ్లిన్‌లో జన్మించి, వేల్స్ దేశంలోని బ్యాంగర్ కళాశాలలో జంతుశాస్త్రం బోధించినాడు. అడవి కుందేళ్ళలో పిండాలు గర్భంలోనే ఎందుకు నశిస్తున్నవో పరిశీలిస్తూ ఆయన ఈ ప్రశ్నలోనికి వచ్చినాడు. తల్లి రక్తంలోని మాంసకృత్తులలో కొన్ని పిండానికి చేరుతున్నవి, కొన్ని చేరడం లేదు. పరిమాణాన్ని బట్టి జల్లెడ పట్టినట్లు కూడా లేదు. ఎంపిక జరుగుతున్నదంటే ఎంచేవాడు ఉండాలి. ఈ విధంగా యోచించి 1958లో ఆయన గ్రాహక సిద్ధాంతాన్ని ప్రతిపాదించినాడు. 1964లో హెమింగ్స్, మారిస్ అనే సహచరులతో కలిసి మరింత సాహసమైన మాట చెప్పినాడు. పెద్దవారి రక్తంలో జి-ప్రతిరక్షకాలు నశించకుండా కాపాడుతున్నది కూడా అటువంటి గ్రాహకమేనని! ఇందుకు ఆయనకు దొరికిన ఆధారం చిత్రమైనది. రక్తంలో ఈ ప్రతిరక్షకం ఎంత ఎక్కువగా ఉంటే అంత వేగంగా నశిస్తున్నది. తక్కువగా ఉన్నప్పుడు ఎక్కువ కాలం నిలుస్తున్నది. కాపాడే స్థానాలు పరిమితంగా ఉండి, నిండిపోయిన తరువాత వచ్చినవారికి చోటు దొరకకపోతేనే అలా జరుగుతుంది.

బ్రాంబెల్ 1970లో మరణించినాడు. తాను ఊహించిన అణువును ఆయన చూడలేదు. 1989లో నీల్ సిమిస్టర్, కీత్ మోస్టోవ్ అనువారు ఎలుక పిల్ల పేగు నుండి ఆ గ్రాహకపు జన్యు సమాచారాన్ని వేరు చేసినారు. 1994లో అది మనుష్యుల మావిలోను దొరికింది. 1996లో ఈ గ్రాహకం ఏర్పడని చుంచెలుకలను పరీక్షించి, వాటి రక్తంలో జి-ప్రతిరక్షకాలు చాలా త్వరగా నశిస్తున్నాయని వేర్వేరు ప్రయోగశాలలవారు నిరూపించినారు. ముప్పది రెండు సంవత్సరాల క్రిందటి ఊహ అక్షరాలా నిజమైంది. కేవలం తర్కబలంతో ఇంత దూరం చూసిన ఈ జంతుశాస్త్రజ్ఞుని పేరు మన పాఠ్యపుస్తకాలలో కనిపించకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇక ఈ గ్రాహకం పని చేసే తీరు. రక్తనాళాల లోపలి గోడలను పరచి ఉన్న జీవకణాలు తమ చుట్టూ ఉన్న ద్రవాన్ని ఎల్లప్పుడు గుటకలు గుటకలుగా మ్రింగుతుంటాయి. ఆ గుటకలో ఏమున్నదో వాటికి పట్టదు. మ్రింగినది ఒక చిన్న సంచిలో చేరుతుంది. ఆ సంచిలో క్రమంగా ఆమ్లత్వం పెరుగుతుంది. రక్తపు పి.హెచ్. 7.4 కాగా సంచిలో అది సుమారు 6కు దిగుతుంది. సాధారణంగా ఆ సంచి తరువాతి మజిలీ జీర్ణకోశిక. అక్కడికి చేరిన మాంసకృత్తులు ముక్కలు ముక్కలై పోతాయి. కాని దారిలో, సంచి గోడకు అంటిపెట్టుకొని మన గ్రాహకం వేచి ఉంటుంది. ఆమ్లపు వాతావరణంలో అది జి-ప్రతిరక్షకపు తోకను గట్టిగా పట్టుకొంటుంది. పట్టుబడినవన్నీ ఒక ప్రక్కకు చేరి, తిరిగి కణపు ఉపరితలానికి చేరుకొంటాయి. అక్కడ రక్తం తాకగానే ఆమ్లత్వం పోతుంది, పట్టు సడలుతుంది, ప్రతిరక్షకం చెక్కు చెదరకుండా మళ్ళీ రక్తంలో పడుతుంది. పట్టుబడని మాంసకృత్తులు జీర్ణమై పోతాయి.

పట్టు విడుపులకు ఈ ఆమ్లత్వం తాళంచెవి వంటిది. తోకలో కొన్ని స్థానాలలో హిస్టిడిన్ అనే ఎమినో ఆమ్లం ఉన్నది. ఆమ్లపు ద్రవంలో దానికి ధనావేశం వస్తుంది, గ్రాహకంలోని ఋణావేశపు స్థానాలకు అతుక్కొంటుంది. ఆమ్లం తొలగగానే ఆవేశం పోతుంది. ఉర్దూలో 'అమానత్' అనే మాట మన తెలుగు ఇళ్ళలో కూడా చెల్లుతుంది. ఒకరు నమ్మి అప్పగించినదానిని భద్రపరచి, అడిగిన వేళ ఉన్నదున్నట్లు తిరిగి ఇవ్వడం. ఈ గ్రాహకం చేసే పనికి ఇంతకంటె తగిన మాట నాకు దొరకలేదు.

ఫలితాన్ని అంకెలలో చూడవచ్చు. ఇతర తరగతుల ప్రతిరక్షకాలు రక్తంలో సగానికి తగ్గడానికి ఐదారు రోజులు, లేదా అంతకంటె తక్కువ కాలం పడుతుంది. జి-ప్రతిరక్షకాలకు సుమారు 21 రోజులు. ఇందులో మూడవ ఉపజాతి మాత్రం వారం రోజులలోనే సగానికి తగ్గుతుంది. కారణం, దాని తోకలో 435వ స్థానంలో హిస్టిడిన్ బదులు ఆర్జినిన్ ఉండటమే! ఒక్క ఎమినో ఆమ్లం మారినందుకు ఆయుష్షు మూడవ వంతుకు పడిపోయినది. రక్తంలో అత్యధికంగా ఉండే ఆల్బుమిన్ అనే మాంసకృత్తును కూడా ఈ గ్రాహకమే, మరొక చోట పట్టుకొని, కాపాడుతున్నదని 2003లో తెలిసింది. అది కూడా మూడు వారాల వరకు నిలవడానికి ఇదే కారణం. ఈ రెండు మాంసకృత్తులు మాత్రమే ఇంత దీర్ఘకాలం ఎందుకు నిలుస్తాయనే పాత ప్రశ్నకు ఈ విధంగా ఒకే సమాధానం లభించినది. 1990లో థామస్ వాల్డ్‌మన్ అనే వైద్యుడు ఈ రెండూ వింతగా తక్కువగా ఉన్న ఇద్దరు తోబుట్టువులను గురించి వ్రాసినాడు. వారి శరీరంలో ఈ గ్రాహకానికి జంటగా ఉండవలసిన చిన్న మాంసకృత్తు జన్యువులోనే లోపం ఉన్నదని 2006లో బయటపడినది. కాపాడేవాడు లేని ఇల్లు ఎలా ఉంటుందో ఆ ఇద్దరి రక్తమే చూపినది.

ఇంతకూ 'నవజాత' అనే విశేషణం ఈ గ్రాహకానికి సరిపడేది కాదని ఈపాటికి పాఠకులు గ్రహించే ఉంటారు. మొదట ఎలుక పిల్లల పేగులో దొరికినందున ఆ పేరు స్థిరపడింది. మనిషిలో ఇది పుట్టుక ముందు నుండి కడ శ్వాస వరకు పని చేస్తూనే ఉంటుంది. పెద్దవారి పేగు గోడలో ఇది రెండు వైపులా నడుస్తుంది. ప్రతిరక్షకాన్ని పేగులోనికి దింపుతుంది. అక్కడ అది శత్రుపదార్థాన్ని పట్టుకొంటే, పట్టిన దానితో సహా లోపలికి తెచ్చి రక్షక కణాలకు చూపిస్తుంది. కుడి నుండి ఉర్దూ, ఎడమ నుండి తెలుగు తెరుచుకొనే మన సంచిక వంటిదన్నమాట.

మావిలో జరిగేది కూడా ఇదే క్రియ. తల్లి రక్తం తాకే మావి పైపొర ద్రవాన్ని మ్రింగుతుంది, సంచిలో గ్రాహకం తోకను పట్టుకొంటుంది. అయితే తిరిగి తల్లి వైపునకు కాక, ఆవలి వైపున బిడ్డ దిక్కుగా వదలుతుంది. ఈ రవాణా నాలుగవ నెల ప్రాంతంలో స్వల్పంగా మొదలై నెలలు గడిచే కొలదీ పెరుగుతుంది. అధిక భాగం చివరి మూడు నెలలలో, అందులోను ఆఖరి వారాలలో చేరుతుంది. ఏడవ నెలలో పుట్టిన శిశువు అంటువ్యాధులకు తేలికగా లొంగిపోవడానికి గల కారణాలలో ఇది ఒకటి. ఊపిరితిత్తులు పక్వం కాకపోవడం అందరికీ కనిపించే లోపం. రక్తంలో తల్లి అమానతు సగం కూడా అందకపోవడం కనిపించని లోపం.

గర్భవతికి టీకా వేయడంలోని రహస్యం ఇక్కడ ఉన్నది. ధనుర్వాతపు టీకా తల్లికి వేస్తే, ఆమెలో పుట్టిన ప్రతిరక్షకాలను ఈ గ్రాహకం బిడ్డకు చేరుస్తుంది. బొడ్డు కోసిన గాయం ద్వారా క్రిమి ప్రవేశించినా, దాని విషం అప్పటికే పట్టుబడుతుంది. నవజాత ధనుర్వాతాన్ని నిర్మూలించిన స్థితికి మన దేశంలో అందరికంటె ముందు, 2003లో, చేరుకొన్న రాష్ట్రం నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. 2015 నాటికి దేశమంతా ఆ స్థితికి చేరినది. ఇందులో శుభ్రమైన కాన్పులకు, ఆసుపత్రి ప్రసవాలకు కూడా పెద్ద వాటా ఉన్నది. టీకా ఒక్కటే చేసిన పని అనడం సత్యం కాదు. కాని ఆ టీకా తల్లి జబ్బకు వేస్తే బిడ్డ బొడ్డును రక్షించడం ఈ గ్రాహకం లేనిదే జరుగదు.

ఈ దానానికి ఒక గడువు ఉన్నది. బిడ్డకు చేరిన ప్రతిరక్షకాలు మూడు వారాలకొకసారి సగమవుతూ కొన్ని నెలలలో అంతరిస్తాయి. అవి ఉన్నంత కాలం తట్టు టీకాలోని బలహీనపరచిన సజీవ క్రిమిని కూడా శత్రువుగానే ఎంచి నిర్వీర్యం చేస్తాయి. టీకా వృథా అవుతుంది. తట్టు టీకాను మన దేశంలో తొమ్మిదవ నెల నిండిన తరువాత వేయడానికి కారణం ఇదే. పుట్టగానే వేయకూడదా అని ప్రశ్నించే తల్లులకు ఆరోగ్య కార్యకర్తలు ఈ సంగతిని వివరించగలిగితే బాగుంటుంది.

ఇంతవరకు మేలు చెప్పుకొన్నాం. గ్రాహకం తోకనే చూస్తుంది, చేతులలో ఏమున్నదో చూడదు అని ముందే మనవి చేసి ఉన్నాను. బిడ్డకు హాని చేసే ప్రతిరక్షకాన్ని కూడా అది అంతే శ్రద్ధతో మోసుకొని పోతుంది. తల్లి రక్తంలో ఆర్.హెచ్. అంశం లేక, బిడ్డ రక్తంలో ఉన్నప్పుడు జరిగేది ఇదే. మన దేశంలో నూటికి సుమారు ఐదుగురు ఆర్.హెచ్. లేనివారు. మొదటి కాన్పులో బిడ్డ రక్తం కొంత తల్లిలో కలిస్తే ఆమె శరీరం దానికి వ్యతిరేకంగా ప్రతిరక్షకాలను తయారు చేస్తుంది. తరువాతి గర్భంలో గ్రాహకం వాటిని బిడ్డకు చేరుస్తుంది. బిడ్డ ఎర్రకణాలు నశిస్తాయి. రక్తహీనత, తీవ్రమైన కామెర్లు, ఒక్కొక్కప్పుడు గర్భంలోనే మరణం. 1968 నుండి వాడుకలో ఉన్న ఆంటీ-డి సూది ఈ విపత్తును చాలావరకు నివారిస్తున్నది. కాన్పు తరువాత 72 గంటలలోగా అది పడాలి. ఆ సూదిమందు కూడా జి-ప్రతిరక్షకమే; అది వారాల తరబడి తల్లి రక్తంలో నిలిచి పని చేయడం కూడా మన గ్రాహకం చలవయే. విషం మోసినవాడే విరుగుడును కూడా కాపాడుతున్నాడు.

ఔషధాలు కూడా ఈ మార్గంలో ప్రయాణిస్తాయి. కీళ్ళవాపు, పేగు పుండ్ల వ్యాధులకు ఇచ్చే ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఒక జి-ప్రతిరక్షకం. గర్భవతికి ఇస్తే బిడ్డకు చేరి నెలల తరబడి నిలుస్తుంది. క్షయ క్రిమిని అణచి ఉంచే శక్తిని అది తగ్గిస్తుంది. గర్భకాలమంతా ఈ మందు పుచ్చుకొన్న తల్లికి ఇంగ్లండులో పుట్టిన ఒక శిశువు, మూడవ నెలలో బి.సి.జి. టీకా వేసిన తరువాత ఆ టీకా క్రిమియే ఒళ్ళంతా వ్యాపించి మరణించినట్లు 2010లో వైద్య పత్రికలో ప్రకటించారు. మన దేశంలో బి.సి.జి. పుట్టిన వెంటనే వేస్తారు. కాబట్టి ఇటువంటి మందు వాడుతున్న గర్భవతి ఆ సంగతిని కాన్పు చేసే వైద్యులకు, టీకా వేసేవారికి తప్పక చెప్పవలె. మందును తనంతట తాను మానుకోవడం వేరొక ప్రమాదం. సజీవ టీకాలను కొన్ని నెలలు వాయిదా వేయడం వైద్యులు నిర్ణయించే విషయం. అదే కోవకు చెందిన సెర్టోలిజుమాబ్ అనే మందుకు ఎఫ్.సి. తోక లేదు. దానిని గ్రాహకం పట్టుకోలేదు, బిడ్డకు చేరడం అత్యల్పం. తోక ఎంత ముఖ్యమో ఈ రెండు మందుల భేదమే తెలుపుతున్నది.

శరీరం తనను తానే శత్రువుగా భ్రమించే వ్యాధులు కొన్ని ఉన్నవి. వాటిలో మయస్థీనియా గ్రేవిస్ ఒకటి. నరం నుండి వచ్చే ఆజ్ఞను కండరం అందుకొనే చోట అసిటైల్‌కోలిన్ గ్రాహకాలు ఉంటాయి. రోగి జి-ప్రతిరక్షకాలు వాటినే పట్టి నాశనం చేస్తాయి. కనురెప్పలు వాలిపోతాయి, ఒకటి రెండుగా కనిపిస్తుంది, నమలడం, మ్రింగడం కష్టమవుతుంది. తీవ్రమైతే ఊపిరి పీల్చడానికే శక్తి చాలదు. రోగుల జి-ప్రతిరక్షకాలను చుంచెలుకలకు ఎక్కిస్తే వాటికి కూడా ఆ బలహీనత వచ్చినట్లు 1975లో చూపినారు. ఈ వ్యాధి గల తల్లులకు పుట్టిన శిశువులలో కొందరు కొన్ని వారాల పాటు సరిగా పాలు చీకలేక, బలహీనంగా ఏడుస్తారు. తల్లి ప్రతిరక్షకాలు తరిగిపోగానే కోలుకొంటారు. ఇక్కడ గ్రాహకం రెండు విధాల అపకారి. రోగిలో చెడు ప్రతిరక్షకాలను నశించనీయదు. వాటిని బిడ్డకూ పంపుతుంది.

అటువంటప్పుడు గ్రాహకాన్నే కొంతకాలం ఆపివేస్తే? ఇదివరకే తెలియకుండా వైద్యులు ఆ పని కొంత చేస్తూనే ఉన్నారు. వేలాది దాతల ప్లాస్మా నుండి తీసిన ప్రతిరక్షకాలను పెద్ద మోతాదులో రక్తనాళంలోనికి ఎక్కించే చికిత్స ఉన్నది. అది పని చేసే మార్గాలు అనేకం. అందులో ఒకటి, గ్రాహకపు స్థానాలన్నీ దాతల ప్రతిరక్షకాలతో నిండిపోయి రోగి స్వంత చెడు ప్రతిరక్షకాలకు చోటు దొరకకపోవడం. 1964లో బ్రాంబెల్ చెప్పిన మాటే ఇక్కడ చికిత్స అయినది. ప్లాస్మాను యంత్రంతో మార్చడం మరొక పద్ధతి. అందులో ప్రతిరక్షకాలతోపాటు ఇతర మాంసకృత్తులు కూడా పోతాయి.

కొత్త మందులు సూటిగా గ్రాహకం వద్దకే వెళ్తాయి. శాలీ వార్డ్ అనే శాస్త్రజ్ఞురాలు తన సహచరులతో చేసిన పరిశోధనల ఫలితంగా ఎఫ్‌గార్టిజిమాడ్ రూపొందినది. అది చేతులు లేని తోక మాత్రమే. కొన్ని ఎమినో ఆమ్లాలను మార్చి, గ్రాహకం దానిని అతిగట్టిగా పట్టుకొనేటట్లు, రక్తం తాకినా సులభంగా వదలకుండునట్లు చేసినారు. గ్రాహకం దానితోనే నిండిపోయి ఉంటుంది. రోగి ప్రతిరక్షకాలు జీర్ణకోశికకు పోయి నశిస్తాయి. వారానికి ఒకటి చొప్పున నాలుగు మోతాదులతో రక్తంలోని జి-ప్రతిరక్షకాలు సుమారు 60 శాతం తగ్గుతాయి. మందు ఆపిన తరువాత కొన్ని వారాలలో మళ్ళీ పూర్వస్థితికి వస్తాయి. 167 మంది మయస్థీనియా రోగుల మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2021లో వెలువడినవి. అసిటైల్‌కోలిన్ గ్రాహక ప్రతిరక్షకాలు గల రోగులలో, మందు పుచ్చుకొన్నవారిలో నూటికి 68 మందికి దైనందిన జీవితంలో స్పష్టమైన మేలు కనిపించింది. ఉత్తుత్తి మందు తీసుకొన్నవారిలో నూటికి 30 మందికే. ఆ ఏడాది డిసెంబరులో అమెరికాలో అనుమతి లభించింది. 2023లో రొజనోలిక్సిజుమాబ్, 2025లో నిపోకాలిమాబ్ అక్కడే అనుమతి పొందినవి. ఇవి గ్రాహకానికి అడ్డుపడే ప్రతిరక్షకాలు.

వీటిని అద్భుత ఔషధాలనడానికి నేను వెనుకాడుతాను. ఇవి చెడు ప్రతిరక్షకాన్ని ఏరి తీసివేయవు. మంచిచెడ్డలు తెలియని గ్రాహకాన్ని ఆపితే నష్టం కూడా మంచిచెడ్డలు చూడదు. ఏండ్ల తరబడి కూడబెట్టుకొన్న రక్షణ కూడా అంతే నిష్పత్తిలో తగ్గుతుంది. అందువలన అంటువ్యాధుల మీద కన్ను వేసి ఉంచాలి. చికిత్స జరుగుతున్నప్పుడు సజీవ టీకాలు వేయరు. ఈ కోవలోని కొన్ని మందులతో ఆల్బుమిన్ తగ్గి కొలెస్టరాల్ పెరిగినట్లు కూడా గమనించారు. చెడు ప్రతిరక్షకాన్ని తయారుచేసే కణాలు అలాగే ఉంటాయి కాబట్టి మందు మళ్ళీ మళ్ళీ ఇవ్వవలసి వస్తుంది. ధర విషయం చెప్పనవసరం లేదు. సామాన్య కుటుంబీకుడు దానిని విని ఊరుకోవలసినదే. చౌకగా దొరికే పిరిడోస్టిగ్మిన్ మాత్రలు, స్టీరాయిడ్లు నేటికీ అసంఖ్యాక రోగులకు ఆధారం.

గ్రాహకాన్ని ఆపడం ఒక దారి. దాని ఔదార్యాన్ని వాడుకోవడం రెండవ దారి. తోకలో మూడు ఎమినో ఆమ్లాలను మార్చితే ఆమ్లపు సంచిలో పట్టు పెరుగుతుంది, రక్తంలో విడుపు మామూలుగానే ఉంటుంది. ప్రతిరక్షకం ఆయుష్షు మూడింతలవుతుంది. పసిబిడ్డల ఊపిరితిత్తులకు సోకే ఆర్.ఎస్.వి. అనే వైరస్‌కు పాత మందు నెలకొక సూది. ఈ విధంగా మార్చిన నిర్సెవిమాబ్ ఒక్క సూదితో ఐదు నెలల వరకు కాపాడుతుంది. దీనికి 2022లో ఐరోపాలో, 2023లో అమెరికాలో అనుమతి లభించింది. నెలలు నిండక పుట్టి, తల్లి అమానతును పూర్తిగా అందుకోలేని బిడ్డలకు ఇది ఎంత విలువైనదో ఊహించవచ్చు. హిమోఫిలియా రోగులకు రక్తం గడ్డకట్టించే అంశాలకు కూడా ఎఫ్.సి. తోకను అతికించి, సూదుల సంఖ్యను తగ్గించే మందులు 2014లో వచ్చినవి. తోక ఉన్నవారందరినీ తనవారిగా ఎంచే గ్రాహకం వాటిని కూడా కాపాడుతున్నది.

చివరగా, గర్భవతులలోనే గ్రాహకాన్ని ఆపి చూసిన ఒక పరీక్షను గూర్చి చెప్పాలి. ఆర్.హెచ్. వంటి వైరుధ్యం వలన వెనుకటి కాన్పులలో బిడ్డను కోల్పోయినవారు, లేదా గర్భంలోని బిడ్డకు రక్తం ఎక్కించవలసి వచ్చినవారు 13 మందికి నిపోకాలిమాబ్ ఇచ్చినారు. ఫలితాలు 2024లో ప్రకటించారు. ఏడుగురికి గర్భంలో రక్తం ఎక్కించే అవసరం లేకుండానే 32 వారాలు దాటి సజీవ శిశువులు పుట్టినారు. మొత్తం మీద పన్నెండు మంది బిడ్డలు బ్రతికి బయటపడినారు; ఒక గర్భం నిలువలేదు. మావి ద్వారం మూసినందువలన ఆ బిడ్డలకు తల్లి ఇవ్వవలసిన మేలైన ప్రతిరక్షకాలు కూడా తక్కువగానే అందినవి. అయినా అసాధారణమైన అంటువ్యాధులు కనిపించలేదని పరిశోధకులు తెలిపినారు. పదమూడు అనేది చిన్న సంఖ్య. ఇంకా పెద్ద సంఖ్యలో తల్లుల మీద పరీక్షలు మొదలైనవి.